మనిషికి లేని కండరం

"బాడీ ఎక్కడుందండీ?" అని అడిగింది సుప్రజ.

కాలేజీ మొదలై ఇరవై రోజులైంది. అనాటమీ ల్యాబ్ అని బోర్డు రాసిన షెడ్డులో పెద్ద సిమెంటు తొట్టి ఉంది. తొట్టి పక్కన మందు డబ్బాలున్నాయి. గోడకు కండరాల చార్టు ఉంది. కోసి చూసి నేర్చుకోవడానికి ఉండాల్సిన శవం మాత్రం లేదు.

"వస్తాంది బిడ్డా. తొవ్వల ఉన్నది," అన్నాడు సెక్రటరీ మధుసూదన్ రెడ్డి, చుట్టం బస్సెక్కిన సంగతి చెప్పినంత తేలిగ్గా.

మేడ్చల్ నుంచి శామీర్‌పేట పోయే దారిలో ఉన్న ఆ షెడ్డులో అంతకు ముందు యేడు దాకా నాలుగు వేల కోళ్ళుండేవి. రెండు వేల ఒకటిలో కోళ్ళకు రోగమొచ్చింది. అదే యేడు మధుసూదన్ రెడ్డి చెవిలో ఎవరో ఫిజియోథెరపీ కాలేజీ అని ఊదారు. కోళ్ళకైతే మనమే దాణా వెయ్యాలి, పిల్లలైతే డబ్బాలు వాళ్ళే తెచ్చుకుంటారు. ఈ ఆలోచన ఆయనకు మస్తు నచ్చింది. జాలీలకు అద్దాలు బిగించి, గోడలకు సున్నం కొట్టించి, 'జయమ్మ మెమోరియల్ కాలేజ్ ఆఫ్ ఫిజియోథెరపీ' అని బోర్డు ఎత్తించాడు.

జయమ్మ ఆయన తల్లి. బతికే ఉంది. రోజూ గేటు దగ్గర నులక మంచం మీద కూర్చుని వచ్చేపోయే వాళ్ళను చూస్తుంటుంది. పెద్ద కాలేజీలన్నిటికీ మెమోరియల్ అని ఉంటుంది కదా అని కొడుకు పెట్టించాడు. ఆ మాటకు అర్థమేమిటో ఎవరో చెప్పిన నాటి నుంచి ఆమె కొడుకుతో మాట్లాడ్డం మానేసింది.

పాఠం చెప్పే వెంకటరామయ్య సార్ పశువుల డాక్టరుగా ముప్పై యేళ్ళు చేసి రిటైరైన మనిషి. కండరం కండరమే కదా అని మధుసూదన్ రెడ్డి ఆయన్ని పెట్టుకున్నాడు. ఆయన కూడా అదే అనుకుని ఒప్పుకున్నాడు. శవం ఎప్పుడొస్తుందో తెలియదు, పాఠం ఆగకూడదు. అందుకని ఆ రోజు క్లాసంతా కలియజూసి, వెనక బెంచీలో కునికిపాట్లు పడుతున్న ప్రణయ్ వైపు వేలు చూపించాడు.

"నువ్వు రా. చొక్కా విప్పు. నిలబడు. అటు తిరుగు." తిరగ్గానే వీపు మీద ఫట్టుమని ఒకటి చరిచాడు, సంతలో ఎద్దును చరిచినట్టు. "మంచి సరుకు. ఎవరన్నా వచ్చి ట్రెపీజియస్ కండరం గియ్యండి."

ప్రణయ్ మధుసూదన్ రెడ్డి కొడుకే. ఇంటర్ రెండు దఫాలుగా పాసయ్యాడు. నలభై సీట్లలో ఒకటి మిగిలిపోతే ఖాళీగా ఉంచడమెందుకని తండ్రి అందులో కూర్చోబెట్టాడు. కుర్రాడికి చదువు అబ్బలేదు గాని పొలం పని, బర్రెల పని చేసిన ఒళ్ళు. వీపు మీద ఒక్కో కండరం చార్టులో ఉన్నట్టే లేచి కనబడేది.

గియ్యడానికి ఎవరూ లేవలేదు. చివరికి ఎర్ర స్కెచ్ పెన్ను పట్టుకుని సుప్రజే లేచింది. పేట్ బషీరాబాద్ కాలనీలో ఉండే బ్యాంకు ఉద్యోగి ఫణిభూషణ్ గారి కూతురు. వాళ్ళది ఏలూరు దగ్గర. ఎంబీబీఎస్ సీటు కొద్దిలో తప్పిపోయి ఇక్కడికొచ్చి పడింది. ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలియక తిరుగుతోంది. ఓనరు కొడుకు వీపు దొరికింది.

పెన్ను మెడ మీద ఆనగానే ప్రణయ్ మెలికలు తిరిగి కిసుక్కుమన్నాడు. వాడికి కితకితలెక్కువ.

"కదలకు."

"నేను కదుల్తలేను. అదే కదుల్తాంది."

"బాడీ అయితే ఇలా నవ్వేది కాదు," అందామె. క్లాసంతా నవ్వింది. వాడి ప్రేమ సరిగ్గా అక్కడే మొదలైంది. ఈ వయసు వాళ్ళ బుద్ధి అంతే, తిట్టిన వాళ్ళ చుట్టే తిరుగుతుంది.

తర్వాత ఆరు నెలలు అదే కథ. పొద్దున థియరీ, మధ్యాహ్నం ప్రణయ్ వీపు. మిగతావాళ్ళు చేతులో కాళ్ళో గీసి పోయేవాళ్ళు. సుప్రజ మాత్రం వీపు వదిలేది కాదు. నేర్చుకున్నదంతా గీసి, తుడిచి, మళ్ళీ గీసేది. సాయంత్రం ఇంటికెళ్ళి సబ్బు పెట్టి రుద్దితే ఎరుపూ నీలమూ కలిసి కాలవ కట్టేవి. అయినా వాడు ఒక్క రోజు మానలేదు. పెన్ను ఒత్తిడిని బట్టి ఆ రోజు ఆమెకు బస్సులో సీటు దొరికిందో లేదో చెప్పగలిగే స్థితికొచ్చాడు. ఇంట్లో కొత్త బండి దుమ్ము కొట్టుకుపోతుంటే ఆమె ఎక్కిన బస్సే ఎక్కి, కడ్డీ పట్టుకుని, కాళ్ళు తొక్కించుకుంటూ మేడ్చల్ నుంచి పేట్ బషీరాబాద్ దాకా పోయి, అక్కడ పనేమీ లేక అదే బస్సులో తిరిగొచ్చేవాడు. ఆమె ఒక్కసారి తల తిప్పి చూస్తే కదా.

ప్రేమకథ అన్నాక వాన పడాలి. పడింది. మిగతా చోట్ల వాన పడితే మట్టి వాసన వస్తుందట. జయమ్మ మెమోరియల్‌లో పాత కోళ్ళ వాసన లేచింది, నేలలోంచి, గోడల్లోంచి, ముక్కు పట్టుకుంటే నోట్లోంచి. పిల్లలంతా ముక్కులకు రుమాళ్ళు కట్టుకుని రేకుల కింద నిలబడ్డారు. సుప్రజ నోట్సు చదువుకుంటోంది. ప్రణయ్ ధైర్యం చేసి పక్కన చేరాడు.

అప్పటికే ఆమె నేస్తం ఆమని వాడికొక సంగతి చెప్పింది. ఫణిభూషణ్ గారికి వైజాగ్ ట్రాన్స్‌ఫర్ అయింది. ఫస్ట్ క్లాసొస్తే సుప్రజ శేషారత్నం పిన్ని ఇంట్లో ఉండి ఇక్కడే చదువుకోవచ్చు. రాకపోతే చదువూ వద్దు, ఏమీ వద్దు, పెట్టె సర్దుకుని వైజాగ్ వచ్చేసి ఏదో కంప్యూటర్ కోర్సులో చేరమన్నాడు. ఆ రోజు నుంచి ఆమెకు ఒక్క మార్కు తగ్గినా ప్రణయ్‌కి అన్నం సహించడం లేదు. తన మార్కుల గురించి మాత్రం ఎప్పటిలాగే నిశ్చింతగా ఉన్నాడు.

ఆమె చదువుతున్న పేజీలో ఒక బొమ్మ ఉంది. చంక వెనక నుంచి పక్కటెముకల మీదుగా చర్మం కిందే పరుచుకున్న పల్చటి కండరం. క్యుటేనియస్ ట్రంకై. పని: చర్మమును కదిలించి ఈగలను తోలుట. కింద రెండు గీతలు కొట్టి ఉన్నాయి.

"గిది మనకుండదు," అన్నాడు ప్రణయ్.

"ఏది?"

"గీ కండరం. బర్రెలకుంటది. ఈగ వాల్తె తోలు గజగజ వణికిస్తది సూడు, గందుకు. మనం చెయ్యితోని కొట్టుకుంటం గదా. సార్ పశువుల డాక్టరు గదా, అలవాట్ల జెప్పిండు."

ఆమె నోట్సు మూసింది. ముప్పై యేళ్ళు పనిచేసిన డాక్టరు గారు చెప్పింది తప్పయితే, లైబ్రరీలో ఉన్న ఒకే ఒక్క మంచి పుస్తకంలో చూద్దామా అంది. చూడ్డానికి లేదని ఇద్దరికీ తెలుసు. ఆ పుస్తకం అద్దాల బీరువాలో ఉంది. బీరువా తాళం ఇన్‌స్పెక్షన్ నాడే తెరుస్తారు. ప్రణయ్ అంతకు ముందు రోజే తండ్రిని అడిగాడు. చేతులు పెడితే పుస్తకం పాతబడతదని ఆయన కసురుకున్నాడు.

"బర్రెల దగ్గర నేర్చుకున్నది బర్రెలకే చెప్పు ప్రణయ్," అంది సుప్రజ. "మీ నాన్నగారికి కాలేజీ ఉంది. నువ్వు తప్పినా, పాసైనా ఇక్కడే ఉంటావు. నాకు అలా కాదు."

ఆమె వానలోనే బస్సు కోసం పరిగెత్తింది. వాడు వెనక పోలేదు. తడిసిన కోళ్ళ వాసనలో చాలాసేపు నిలబడ్డాడు. కోపం రాలేదు. అన్న మాటలో అబద్ధం లేదు మరి.

ప్రాక్టికల్ పరీక్షకు యూనివర్సిటీ నుంచి కృష్ణారావు గారనే ఎగ్జామినర్ వచ్చాడు. పొద్దున్నే మధుసూదన్ రెడ్డి ఆయన్ని కారులో తీసుకొచ్చి, మధ్యాహ్నానికి నాటుకోడి అవుతోందని మూడుసార్లు చెప్పాడు. శవం సంగతి అడిగితే తొవ్వల ఉన్నదన్నాడు. ఎగ్జామినర్ వాసన పీల్చి, ఎక్కువసేపు ఉండే ఉద్దేశం లేదన్నట్టు గడియారం చూసుకున్నాడు.

చీటీల్లో అందరికీ చేతులూ కాళ్ళూ వచ్చాయి. సుప్రజకు వీపు వచ్చింది.

ప్రణయ్ చొక్కా విప్పి స్టూలు మీద కూర్చున్నాడు. వాడి పరీక్ష ఆఖరున. పెన్ను మెడ మీద ఆనింది, కిందికి దిగింది. ట్రెపీజియస్, బాగుంది. నడుము నుంచి చంక దాకా లాటిసిమస్ డార్సై, బాగుంది. భుజం రెక్కల మధ్య రాంబాయిడ్లు. వాడు కళ్ళు మూసుకుని పెన్ను వెంబడే పోతున్నాడు. పేర్లు ఒక్కటీ రావు గాని దారులన్నీ వచ్చు.

ఇక ఆగుతుందనుకున్న పెన్ను ఆగలేదు. చంక వెనక నుంచి పక్కటెముకల మీదికి మళ్ళింది.

ప్రణయ్ కిసుక్కున నవ్వి మెలిక తిరిగాడు. గీత గాల్లోకి పోయింది. ఎగ్జామినర్ చిరాకు పడి, దూది స్పిరిట్లో ముంచి ఆ పక్కంతా తుడిపించి, మళ్ళీ గియ్యమన్నాడు. పెన్ను మళ్ళీ అటే పోయింది. వాడు ఈసారి స్టూలు మీంచి లేచినంత పని చేశాడు. ఇదేమన్నా సర్కసా, నీ నంబరెంత, నువ్వు కూడా క్యాండిడేటువేనా అని ఆయన అడిగాడు. వాడు నంబరు చెప్పాడు. ఆయన దాని ఎదురుగా ఏదో రాసి, అడ్డంగా గీత కొట్టాడు. ఇంకొకసారి కదిలితే అమ్మాయి పరీక్ష కూడా ఆపేస్తానన్నాడు.

ఇగ కదలడానికి లేదు. ప్రణయ్ చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని రాయిలా కూర్చున్నాడు. అప్పుడొచ్చి వాలింది ఈగ. కోళ్ళు పోయినా ఈగలు ఆ షెడ్డును వదల్లేదు. తడి ఆరుతున్న చోట, సరిగ్గా చంక వెనక దిగి, తాపీగా పక్కటెముకల మీద షికారు మొదలుపెట్టింది. ఒళ్ళంతా పాకుతున్నట్టుంది. చెయ్యి లేపితే ఆమె పరీక్ష పోతుంది. వాడు పళ్ళు బిగించాడు. ఈగ నడిచింది, ఆగింది, చేతులు నలుపుకుంది, మళ్ళీ నడిచింది. చర్మం ఇంచంత కూడా కదల్లేదు. కదలడానికి దాని కింద ఏమన్నా ఉంటే కదా.

వెనక పెన్ను రావడం లేదు. ఊపిరి మాత్రం వినిపిస్తోంది. చాలాసేపైంది.

టప్పున మూత పెట్టిన చప్పుడు.

"అయిపోయిందండి," అంది సుప్రజ.

ఎగ్జామినర్ వంగి చూశాడు. రెండుసార్లు ఇటు పోబోయావు, ఇక్కడేమన్నా ఉందా అని అడిగాడు.

"లేదండి. ఉంటే ఈగ లేచిపోయేది."

ఆయనకు అర్థమైందో లేదో గాని, నాటుకోడి గుర్తొచ్చిందేమో, మార్కులు గబగబా వేసేశాడు.

రెండు నెలలకు రిజల్ట్ గేటుకు అంటించారు. ముప్పై తొమ్మిది మంది పాస్. సుప్రజకు ఫస్ట్ క్లాస్. అనాటమీ ప్రాక్టికల్లో ఒక్కడు ఫెయిల్. 'నూటికి నూరు శాతం ఫలితాలు' అని మధుసూదన్ రెడ్డి పది వేల పాంప్లెట్లు అప్పటికే కొట్టించి పెట్టాడు.

ఆఫీసు గదిలో ఆయన కొడుకును నిలబెట్టి గంట సేపు వాయించాడు. సొంత కాలేజీలో సొంత కొడుకు తప్పిండంటే పాలోళ్ళ ముందు, చుట్టాల ముందు నా మొఖం ఎక్కడ పెట్టుకోవాలె అన్నాడు. ఏమైందిరా అంటే కితకితలొచ్చినయి అంటాడు వాడు. ఎన్నిసార్లడిగినా అదే మాట.

సుప్రజ తలుపు దగ్గర నిలబడి అంతా విన్నది. అడగకుండానే లోపలికొచ్చింది.

"తను కావాలనే కదిలాడండీ. నేను తప్పు గీస్తున్నాను. గీస్తే నేను ఫెయిలయ్యేదాన్ని."

మధుసూదన్ రెడ్డి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఆయనకు చదువు లేకపోయినా ఇట్లాంటివి తొందరగానే అర్థమవుతాయి. కొడుకును తిట్టాలో వద్దో తేల్చుకోలేకపోయాడు. నీకు ఫస్ట్ క్లాసేనా బిడ్డా అని అడిగి, అయితే ఒక ఫోటో ఇచ్చిపో అన్నాడు. పాంప్లెట్ల సంగతేంది నాయినా అని ప్రణయ్ అడిగితే, పంచుడే, నూరు శాతమంటే నూరు మంది అని ఎవడు జెప్పిండు అన్నాడు.

బయటికొచ్చాక ప్రణయ్ గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఫెయిలైన వాడికి సిగ్గు ఉంటుంది కదా, ఓనరు కొడుకైనా.

"ఎందుకు చేశావు?" అంది సుప్రజ.

"ఫస్ట్ క్లాస్ రాకుంటె నువ్వు వైజాగ్ పోతవని ఆమని జెప్పింది."

"పోతే?"

"నేను బస్సెక్కి ఎటు పోవాలె మరి," అన్నాడు వాడు గోడతోనే.

ఆమె ఆ వాన రోజు అన్న మాటను వెనక్కి తీసుకుంటున్నానంది. వైజాగ్ పోవడం లేదంది. సప్లిమెంటరీకి రోజూ చదివిస్తానంది. ఇవన్నీ వాడి వీపుకే చెప్పి, అలవాటైన ఆ వీపు మీద ఒక్క వేలితో తట్టింది.

"ఇటు తిరుగు."

తిరిగాడు.

"ఆరు నెలలు నీ వీపు చూశాను. ఎక్కడ ఏ గీత పోతుందో కళ్ళు మూసుకుని చెప్తాను. మొహం మాత్రం ఇవాళే చూస్తున్నా."

"ఎట్లుంది?" అన్నాడు ప్రణయ్, పరీక్షలో స్టూలు మీద కూర్చున్నట్టే కదలకుండా.

సుప్రజ పరీక్షలో చూసినంత శ్రద్ధగా చూసింది. నుదురు, కళ్ళు, చెంపలు, పెదాలు. తొందరేమీ పడలేదు. గేటు దగ్గర జయమ్మ మంచం మీంచి సగం లేచి మరీ చూస్తోంది.

"ఇందులో నలభై పైన కండరాలుంటాయట. ఒక్కటీ పనిచెయ్యట్లేదు," అంది. "నవ్వు, ప్రణయ్."