ఖాళీ డేటాబేస్

కళ్లజోళ్ల కొట్టు వెనక గదికి మంచి పేరు లేదు. ఎవరూ లేనప్పుడు కూడా లోపల కుర్చీ కిర్రుమంటుందట. నేను వినలేదు. విన్నామన్నవాళ్లలో ఒక్కరికీ చెవులు సరిగ్గా పనిచెయ్యవు, అది వేరే సంగతి.

కొట్టు యజమాని బావమరిదిని అందరూ 'అనుమానం' అంటారు. పాలు పొంగినా ఎవరి పనో అని చుట్టూ చూసే రకం. అక్కింట్లో ఉంటూ బావ కొట్లో పనిచేస్తున్నాడు. "కంప్యూటర్లో కస్టమర్ల వివరాలు పోయాయా... ఆ పూటే పెట్టె సర్దుకో," అని బావ ఎప్పుడో చెప్పి పెట్టాడు.

ఆ సాయంత్రం బావ పనిమీద పక్క ఊరెళ్లాడు. గుమాస్తా అమ్మాయి ఇంటికెళ్లిపోయింది. కరెంటు పోయి వచ్చింది. కంప్యూటర్‌తో పాటు కస్టమర్ల వివరాలుండే డేటాబేస్ సర్వరూ ఆగిపోయింది.

అనుమానం వెనక గదిలోని కంప్యూటర్ ముందు కూర్చుని, రోజూ ఆ అమ్మాయి కొట్టే కమాండే నల్ల తెరమీద కొట్టాడు. సర్వర్ లేచింది. తెరిచి చూస్తే—

ఒక్క కస్టమర్ లేడు.

గుమాస్తా అమ్మాయికి ఫోన్ చేశాడు.

"అన్నీ చెరిపేసి పోయావు కదూ?"

"ఏ ఫోల్డర్లోంచి నడిపారన్నయ్యా?"

"ఏదైతేనేం?"

"మీరున్న ఫోల్డర్లోనే అది డేటాబేస్ కోసం వెతుకుతుంది. దొరక్కపోతే చప్పుడు చెయ్యకుండా కొత్తది, ఖాళీది, కట్టేస్తుంది. నన్ను తిట్టుకోవడం అయ్యాక దాన్ని ఆపేసి, కొట్టు ఫోల్డర్లోకి వెళ్లి మళ్లీ నడపండి."

నడిపాడు. అందరూ ఉన్నారు! పోయిన ప్రాణం లేచొచ్చింది.

ఇక ఆ ఖాళీ డేటాబేస్ బావ కంటపడకుండా తీసెయ్యాలి. కానీ మనిషి అనుమానం కదా... చెరిపేముందు సర్వర్ని ఆపి, మళ్లీ మొదటి ఫోల్డర్లోంచి నడిపి, ఇంకోసారి తెరిచి చూశాడు.

ఒక కస్టమర్ ఉన్నాడు.

పేరు లేదు. రెండు కళ్లకీ పవర్ సున్నా. అడ్రసు దగ్గర మాత్రం ఒక మాట— 'ఇక్కడే.'

ఆ సర్వర్లోకి బయటి కంప్యూటర్లేవీ రాలేవు. గదిలో అతను తప్ప ఎవరూ లేరు. ఖాళీ ఇల్లయితే కూల్చెయ్యొచ్చు... కాపురమున్న ఇంటిని ఎలా కూలుస్తాడు? షట్టర్ దించి, వెనక్కి చూడకుండా పోయాడు.

పొద్దున్న బావ తెర ముందు కూర్చున్నాడు.

"ఈ రెండో డేటాబేస్ ఏంట్రా?"

"తప్పు నాదే బావా..." అన్నాడు అనుమానం. "కానీ... అందులో ఒకరుంటున్నారు."

బావ తెరిచాడు. పెట్టె సర్దుకోమనలేదు. కుర్చీ మెల్లగా వెనక్కి జరిపి, గుసగుసగా అన్నాడు—

"ఒకరేంట్రా... ఇద్దరున్నారుగా."