పొగ లేని ఆకలి

రూతమ్మ గొట్టంలోకి ఊదింది. టెంటు పక్కన నిలబెట్టిన మనిషెత్తు బోర్డు మీద ఎర్ర అంకెలు గిరగిరా తిరిగి ఒకచోట ఆగాయి. సున్నా పాయింట్ రెండు.

"మళ్లీ ఊదండి," అన్నాడు డాక్టర్ రంగరాజు.

మళ్లీ ఊదింది. మళ్లీ అదే అంకె. జనంలోంచి ఎవరో "తినేసిందిరోయ్!" అని అరిచారు. రంగరాజు వైర్లు పీకి, పెట్టి, తానే ఒకసారి ఊది, తను తెచ్చుకున్న గ్యాసు సీసాతో యంత్రాన్ని పరీక్షించి చూశాడు. ఎక్కడా పిసరంత తేడా లేదు. ఉండదని ఆయనకి ముందే తెలుసు. ఆ యంత్రం ఆయన కనిపెట్టిందే మరి.

ఆ రోజుల్లో నిరాహార దీక్షలకి కొత్త చట్టం వచ్చింది. అంతకుముందు ఎవరు నిజంగా పస్తుంటున్నారో, ఎవరు దుప్పటి ముసుగులో పెరుగన్నం లాగిస్తున్నారో తేలక ప్రభుత్వం తల పట్టుకునేది. రంగరాజు కీటో మీటరు వచ్చాక ఆ గొడవ వదిలిపోయింది. దీక్షకి కూర్చున్నవాళ్లు పూటపూటా అందులో ఊదాలి. మూడో రోజుకి అంకె ఒకటి దాటితే దీక్ష నిజం, అధికారులు వచ్చి కూర్చుని మాట్లాడి తీరాలి. దాటకపోతే దొంగ దీక్ష, టెంటు పీకేస్తారు.

అదెలా పనిచేస్తుందో రంగరాజు టీవీలో ఎన్నిసార్లు చెప్పాడంటే జనానికి కంఠతా వచ్చేసింది. ఒంట్లో గ్లూకోజ్ అంటే వంటింట్లో గ్యాసు. లివర్‌లో దాచుకున్న గ్లైకోజన్, మూలనున్న స్పేర్ సిలిండర్. రోజంతా తినకపోతే రెండూ అయిపోతాయి. అప్పుడు ఒళ్లు పెరట్లో పేర్చిన కట్టెల మీద పడుతుంది. కట్టెలంటే కొవ్వు. లివర్ ఆ కొవ్వుని ఎంజైములతో ముక్కలు ముక్కలుగా నరికి, ఎసిటైల్ కో-ఏ అనే చితుకులు చేసి, వాటిని కీటోన్లుగా మార్చి మెదడుకి పంపిస్తుంది. ఆ కీటోన్లలో కాస్త ఎసిటోన్‌గా విరిగి ఊపిరిలో బయటికొస్తుంది. అదే పొగ. పొగ వచ్చిందంటే గ్యాసు అయిపోయిందన్నమాట. "నా మిషన్ పొగని కొలుస్తుంది, అంతే. దానికి మొహమాటాల్లేవు," అని ముగించేవాడు.

పాతకోడు పేటలో రూతమ్మ బ్లౌజులు కుడుతుంది. చుట్టూ రొయ్యల చెరువులు తవ్వాక పేట బోర్లలో నీళ్లు ఉప్పెక్కాయి. పప్పు ఉడకదు. టీ పెడితే పాలు విరిగిపోతాయి. కాలవ నుంచి మంచినీళ్ల పైపు వేయమని అడిగి అడిగి విసిగిపోయి ఆమె దీక్షకి కూర్చుంది. రోడ్డుకి అవతల ఇంకో టెంటు వెలిసింది. అందులో చెరువుల సంఘం అధ్యక్షుడు గంధం వీర్రాజు, తమ మీద దుష్ప్రచారం ఆపాలని పోటీ దీక్ష చేస్తున్నాడు. ఆయన బోర్డు మీద నాలుగు పాయింట్ ఎనిమిది వెలుగుతోంది. మెడలో దండలు ఎక్కువై మొహం సగమే కనిపిస్తోంది.

ఆర్డీవో సుచరిత రంగరాజుని పక్కకి పిలిచింది. "ఒక్క మాటలో చెప్పండి డాక్టర్‌గారూ. మిషన్ చెడిందా?"

"లేదండీ. శుభ్రంగా ఉంది."

ఆ మాట చెవిన పడగానే పేట జనం మొహాలు వాడిపోయాయి. మూడు రోజులుగా ఆమెకి విసనకర్ర విసిరినవాళ్లే చెప్పులు వేసుకుని లేచారు. సాయంత్రానికి టెంటు తీసేయమని ఆర్డీవో చెప్పి వెళ్లింది. రూతమ్మ మాత్రం చాప మీంచి లేవలేదు.

రంగరాజు కారు దాకా వెళ్లాడు. తలుపు తీశాడు, వేశాడు. మామూలుగానే ఆయన ఒకచోట నిలవలేడు. ల్యాబులో కూడా నడుస్తూనే ఆలోచిస్తాడు, అందుకే వెనకాల అందరూ ఆయన్ని గడియారం ముల్లు అంటారు. ఇప్పుడు మరీ కాలుగాలిన పిల్లిలా కారు చుట్టూ తిరుగుతున్నాడు. ఏదో లెక్క కుదరట్లేదు. గొట్టం పట్టుకున్నప్పుడు ఆమె చెయ్యి వణికింది. మెడ నిండా చెమట. దొంగతనంగా తిన్న మనిషికి చెమట ఎందుకు పడుతుంది? భయపడి అనుకుందామా? భయపడ్డ మనిషి అంత మత్తుగా చూడదే!

గబగబా వెనక్కి వచ్చి, పెట్టెలోంచి చిన్న సూది తీసి, అడగనైనా అడక్కుండా ఆమె వేలు గుచ్చాడు. రక్తంలో చక్కెర నలభై రెండు, డెబ్బైకి తగ్గకూడనిది.

గ్యాసు అయిపోయింది, పొగ లేదు. మరి ఇంట్లో ఏం మండుతున్నట్టు?

"మీవాళ్లు ఎవరన్నా ఉన్నారా?"

చాప చివర కూర్చున్న ముసలామె తలెత్తింది. రూతమ్మ మేనత్త సంతోషమ్మ. "నేనొద్దనే అన్నానండి, బాబుగారూ. మా ఇంటావంటా పస్తులు లేవండి. మా కొంపలో పిల్లలకి నిద్దట్లో లేపి మరీ గంజి పోస్తామండి. చుట్టాలొచ్చి నవ్వినా సరే, పోస్తామండి."

"ఎందుకు?"

"ఎందుకేటండి, పొయ్యకపోతే తెల్లారి లేవరండి! దీని అన్నలిద్దరూ అట్టాగే పోయారు. జొరమొచ్చింది, తిన్లేదు, పడుకున్నారు, లేవలేదు. మా నాయనమ్మ కాలం నించీ ఈ గంజి ఆచారం. ఇది పెద్దదైపోయింది కదా, గట్టిపడిందనుకున్నామండి."

రంగరాజుకి ఒక్కసారిగా అంతా అర్థమైంది, అర్థమై సిగ్గుతో చచ్చిపోయాడు. కొవ్వుని నరికే ఎంజైముల్లో ఒకటి వీళ్ల వంశంలో పుట్టుకతోనే మొద్దు గొడ్డలి. పెరట్లో కట్టెలున్నాయి, నరికే దిక్కు లేదు. పొగ రావట్లేదంటే గ్యాసు వెలుగుతోందని కాదు, పొయ్యే ఆరిపోతోందని. పుస్తకాల్లో చదివాడు, పిల్లలకి పాఠం చెప్పాడు, మిషన్ చేసేటప్పుడు మాత్రం ఒక్కసారి కూడా తలుచుకోలేదు.

గ్లూకోజ్ పొడి గ్లాసులో వేసి గబగబా కలిపాడు. "తాగండమ్మా. తాగకపోతే ఈ పూట దాటదు. నిజం చెబుతున్నాను."

రూతమ్మ గ్లాసు నెట్టేసింది. మాట ముద్దముద్దగా వచ్చింది. "ఇప్పుడు తాగితే... తిందన్న మాట నిజమైపోద్దండి. నా నీళ్లు పోయినట్టేనండి. ఆళ్లకి చెప్పండి ముందు."

రంగరాజు మైకు అందుకున్నాడు. ఎంజైము గురించి చెప్పాడు. గొడ్డలి గురించి చెప్పాడు. "ఈమె విషయంలో అంకె లేకపోవడమే ఆకలికి గుర్తు," అని గొంతు చించుకున్నాడు. వెళ్లబోతున్న జనం ఆగారు గానీ, నమ్మినట్టు లేదు.

"ఇందాక మిషన్ శుభ్రంగా ఉందన్నారు కదండీ!" అన్నాడొకడు.

"పొగొస్తేనేమో ఆకలి, రాకపోయినా ఆకలేనా? అట్టాగైతే మేమంతా దీక్షలోనే ఉన్నామండి!" అన్నాడు ఇంకొకడు. అందరూ నవ్వారు.

నవ్వుతున్న జనం మధ్యలోంచి రంగరాజు విసురుగా రోడ్డు దాటి వీర్రాజు టెంటులోకి వెళ్లాడు. రంగరాజు కళ్లు ఇందాకట్నించీ వీర్రాజు దిండు పక్కనున్న స్టీలు ఫ్లాస్కు మీదే ఉన్నాయి. మూత తీసి వాసన చూశాడు. అనుమానం లేదు. పరుగుపందేల వాళ్లు తాగే కీటోన్ షర్బత్. తాగితే కడుపు నిండి ఉన్నా ఊపిరిలో అదే పొగ వస్తుంది.

"అది తీర్థమండి!" అని వీర్రాజు లేవబోయాడు. దండలు అడ్డొచ్చాయి.

రంగరాజు రోడ్డు పక్క బండి మీద రెండు ప్లేట్ల ఉప్మా అందరూ చూస్తుండగా తిన్నాడు. చట్నీ కూడా అడిగి వేయించుకున్నాడు. ఆపైన ఫ్లాస్కు ఎత్తి సగం తాగాడు. అది లోపలికి దిగేదాకా మనిషి అటూ ఇటూ తిరుగుతూ, నిమిషానికోసారి రూతమ్మ నాడి చూస్తూ, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని గడిపాడు. చివరికి వెళ్లి గొట్టంలో ఊదాడు.

నాలుగు పాయింట్ తొమ్మిది.

అంకెని నమ్మక్కర్లేదని పాఠం చెబితే ఎక్కనిది ఉప్మా తింటే ఎక్కింది. జనం గొల్లున అరిచి వీర్రాజు టెంటు మీద పడ్డారు. ఆ గోలలో సంతోషమ్మ మేనకోడలి తల ఒళ్లోకి తీసుకుని గ్లాసు పెదాలకి ఆనించింది. చిటికెడు ఉప్పు కూడా వేద్దామని రంగరాజు పొట్లం వెతుకుతుంటే, "ఉప్పెందుకండీ, మా నీళ్లలో ఉందిగా," అంది ముసలామె. రూతమ్మ గుటక వేసింది. ఆ గుటక చప్పుడుకి రంగరాజుకి కళ్లలో నీళ్లు తిరిగాయి.

మర్నాటికి రూతమ్మ లేచి కూర్చుంది. రంగరాజు ఎదురుగా నిలబడి, పదేపదే చేతులు నలుపుకుంటూ చెప్పాడు. "ఇంక జన్మలో పస్తుండకూడదమ్మా. ఒక్క పూట కూడా."

"ఆయ్, అలాగేనండి. మరి నా నీళ్లండి?"

"అంటే..."

"దీక్ష మధ్యలో ఆపేశాను కదండి. రూలు ప్రకారం ఓడిపోయినట్టేనంట. ఆర్డీవోగారు చెప్పారు. మళ్లీ కూర్చుందామంటే మీరొద్దంటున్నారు. మాకు అడగడానికి ఇంకేటుందండి, ఈ ఆకలి తప్ప?"

రంగరాజు టెంటు బయటికి వెళ్లాడు, లోపలికి వచ్చాడు, మళ్లీ వెళ్లాడు. ఈసారి వచ్చి, "మీ బదులు నేను కూర్చుంటాను," అన్నాడు. అన్నాక ఆయనకే భయం వేసింది.

ఒకచోట కూర్చోవడం చేతకాని మనిషి చాప మీద కూర్చున్నాడు. మొదటి రోజు కాళ్లు ఊపుతూ, పేటలో లేచే ప్రతి పోపు వాసననీ పేరుపెట్టి గుర్తుపడుతూ గడిపాడు. రెండో రోజు ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాలేదు. ఆకలి గురించి అన్ని పేపర్లు రాసిన తనకి అది ఇంత చిరాకుగా, ఇంత చిన్నతనంగా ఉంటుందని తెలియదు. మూడో రోజు గొట్టంలో ఊదాడు. లివర్ తన పని తాను సలక్షణంగా చేసింది. మూడు పాయింట్ ఆరు.

జనం బోర్డు చూశారు. ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు.

"ఎంత తాగితే అంతొచ్చిందండీ, డాక్టర్‌గారూ?"

"ఫ్లాస్కు ఎక్కడ దాచారండీ?"

దిండు దులిపారు. చాప ఎత్తారు. ఏమీ దొరక్కపోయేసరికి అనుమానం ఇంకా బలపడింది. కనిపెట్టినవాడికి దాచడం ఒక లెక్కా! రంగరాజు నోరు తెరిచి గ్యాసు, సిలిండర్, కట్టెలు అని మొదలుపెట్టబోతే, "ఆ కథ మాకు తెలుసు లెండి," అని ఆపేశారు.

రోడ్డు అవతల వీర్రాజు కొత్త దీక్ష మొదలెట్టాడు. తెర చాటున మినపరొట్టె తిని మూతి తుడుచుకుని ఊదాడు. బోర్డు మీద సున్నా. "నాదీ రూతమ్మగారి ఒళ్లేనండి! గొడ్డలి లేదండి!" అని గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. కొందరు నిజంగానే జాలిపడ్డారు. ఒకాయన దండ కూడా వేశాడు.

ఆర్డీవో సుచరిత వచ్చి రెండు బోర్డుల మధ్య నిలబడింది. ఒకటి ఎక్కువ, ఒకటి సున్నా. చట్టం లెక్కన సున్నా వచ్చినవాడు దొంగ, ఉప్మా లెక్కన ఎక్కువ వచ్చినవాడు దొంగ. "చట్టంలో దీనికేమీ రాయలేదే," అని గొణుక్కుంది.

అప్పుడే రూతమ్మ చేతిలో గంజి గ్లాసుతో వచ్చింది. ఇప్పుడు పూటపూటా తాగుతోంది, మేనత్త వదలట్లేదు. గ్లాసు కింద పెట్టి, రంగరాజు ముందు వంగి చూసింది. కళ్లు గుంటలు పడ్డాయి. పెదాలు పిడచకట్టుకుపోయాయి. మూడు రోజుల క్రితం నిమిషం కుదురు లేని మనిషి, ఈగ వాలినా తోలుకోవడం లేదు.

ఆమె లేచి, తన భుజం మీది తుండుగుడ్డ తీసి బోర్డు అంకెల మీద కప్పేసింది.

"తిన్న మొహమా అండి అది?" అంది జనంతో. "చూస్తే తెలవట్లా?"

రంగరాజు అలవాటు కొద్దీ ఏదో అనబోయాడు, మొహం ఆధారం కిందికి రాదని కాబోలు.

ఆర్డీవో బోర్డు వైపు తిరిగింది. అక్కడ గుడ్డ తప్ప ఏమీ కనిపించలేదు. ఇంక గత్యంతరం లేక, ఈ ఊరొచ్చాక మొదటిసారి, చాప మీదున్న మనిషి మొహంలోకి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"చెప్పండి రూతమ్మగారూ," అంది. "నీళ్ల సంగతి."