నీలం మూతల గొట్టాలు

అక్క మైక్రోస్కోపు పక్కన తల వాల్చి నిద్రపోతున్నట్టే ఉంది. చేతి దగ్గర కప్పు ఖాళీ అయింది కానీ ఇంకా వెచ్చగానే ఉంది. బల్ల కింద ఆమె పెంచుకున్న కుక్క, బూడిద, చెప్పు మీద గడ్డం ఆనించి మూలుగుతోంది.

ఏజెంట్ పిచ్చుక ఆ కప్పును వాసన చూసింది. ఏడవలేదు. ఏడుపును పళ్ల మధ్య అదిమిపట్టింది.

"విషమే," అన్నాడు గూఢచారి విభాగం పెద్దాయన, బ్రీఫింగ్ గది తలుపు మూసి. "బయట మాత్రం గుండె ఆగిందని చెప్పాం. కాఫీ సంగతి మనిద్దరికే తెలుసు."

"చంపినవాళ్లకి కూడా సార్."

"విదేశీ ముఠా. మీ అక్క శాంపిల్స్ కోసం వచ్చారు. అయినా కుక్కల గడ్డల్లో అంత ఏముందమ్మా?"

"ఆడకుక్కల రొమ్ములో వచ్చే గడ్డలు సార్. గడ్డ ముదరకముందే అందులో ప్రొటీన్లు మారతాయి. కొన్ని పెరుగుతాయి, కొన్ని తగ్గుతాయి. అది ముందే పసిగడితే కుక్క బతుకుతుంది. దాని వెంట పడి అక్క తిండీ నిద్రా మరిచిపోయింది. వీళ్లు దాన్ని తమ పేరు మీద వేసుకుందామని..."

"ఎరుపు మూతల గొట్టాలన్నీ ఎత్తుకెళ్లారు. నీలం మూతలవి ముట్టుకోలేదు."

పిచ్చుక చటుక్కున తలెత్తింది. "ఎరుపులో గడ్డ ముక్క, నీలంలో అదే కుక్కకి గడ్డ లేని చోటి ముక్క. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తేనే ఏది మారిందో తెలిసేది. దొంగవెధవలు చెత్త అనుకుని వదిలేశారు! మళ్లీ వస్తారు సార్."

"రానీ. నీకు తోడుగా మన ఏజెంట్ వెల్వెట్‌ని పంపుతున్నా."

"నేనెవర్నీ నమ్మను."

"నన్ను కూడానా?"

"మీరు కాఫీ పెట్టరుగా సార్."

మర్నాడు పిచ్చుక నర్సు వేషంలో లాబ్‌లో కూర్చుంది. మూలనున్న పెద్ద క్యాన్‌లో, ద్రవ నైట్రోజన్ చలిలో, నీలం గొట్టాలు భద్రంగా ఉన్నాయి. తలుపు తెరుచుకోగానే సెంటు వాసన గుప్పుమంది. వెల్వెట్! పట్టు బట్టలు, ఎత్తు మడమల చెప్పులు, చేతిలో మెరిసే మేకప్ పెట్టె.

"కుక్క కరుస్తుందా?" కోడ్ అడిగింది వెల్వెట్.

"తెలిసినవాళ్లనే," జవాబిచ్చింది పిచ్చుక.

"పాపం మీ అక్క! గుండె జబ్బుందని మాట మాత్రం చెప్పలేదే చెల్లీ." ఆమె వంగి బూడిద మెడకు కొత్త పట్టీ తొడిగింది. పట్టీ తాళం టక్కున పడింది. "తన గుర్తుగా ఉంచు."

బూడిద గుర్రుమంటూ గోడకు నక్కింది.

పిచ్చుక అక్క కప్పునే కడిగి కాఫీ పోసి వెల్వెట్ ముందు పెట్టింది. "అలిసిపోయి వచ్చావు. తాగక్కా."

వెల్వెట్ చెయ్యి సగంలో ఆగిపోయింది. "కాఫీ నాకు పడదు."

"ఆఫీసులో కప్పు మీద కప్పు లాగిస్తావుగా?"

వెల్వెట్ చూపు కప్పును వదలడంలేదు.

"మా అక్కది గుండె జబ్బేగా? మరి కాఫీ చూసి నీకెందుకు చెమటలు పడుతున్నాయి?"

వెల్వెట్ నవ్వింది. మేకప్ పెట్టె తెరిచి పిస్టల్ తీసింది. పెట్టెలో అద్దం వెనక తెల్లటి పొగ కక్కుతున్న చిన్న ఫ్లాస్కు, అందులో ఎరుపు మూతలు.

"మీ అక్క కూడా తెలివైనదే. కాఫీ మాత్రం చుక్క మిగల్చకుండా తాగింది. ఊఁ, నీలం గొట్టాలు ఇందులో వెయ్యి. మిగతా పని ఆ పట్టీ చూసుకుంటుంది. నువ్వు, కుక్క, లాబ్, అన్నీ ఒక్కసారే!"

బూడిద మెడలో టిక్ టిక్ మొదలైంది.

పిచ్చుక బుద్ధిగా క్యాన్ మూత తీసింది. తెల్లటి పొగ భుగ్గున లేచి ఇద్దరి మధ్యా తెర కట్టింది. ఆ పొగలోంచి బూడిద దూకి వెల్వెట్ పిక్క పట్టుకుంది. పిస్టల్ ఎగిరి ఎక్కడో పడింది. కన్ను మూసి తెరిచేలోగా పిచ్చుక ఆమె చేతికి బేడీ తగిలించి, రెండో కొస ఇనప బల్ల కాలికి బిగించి, ఆపరేషన్ కత్తెర గొంతుకు ఆనించింది.

"అక్క నీకేం చేసిందే?"

"చంపు," అంది వెల్వెట్ రొప్పుతూ. "నీ కుక్క కూడా నాతోనే వస్తుంది."

ఒక్క నొక్కు చాలు, పగ తీరిపోతుంది. పక్కనే టిక్ టిక్ జోరందుకుంది. బూడిద పిచ్చుక మోచేతికి తల రుద్దింది. దాని పొట్ట కింద అక్క వేసిన కుట్లు ఇంకా మానలేదు. అక్క చేత్తో బతికించిన చివరి ప్రాణి.

కత్తెర వెల్వెట్ గొంతు వదిలి పట్టీ కిందికి దూరింది. తోలు మందం. కత్తెరతో కొరికింది, మెలిపెట్టింది, తెంపింది. పట్టీని గురిచూసి క్యాన్‌లోకి విసిరేసింది.

బుసబుసమంటూ పొంగింది. టిక్... టి...

బాంబు బ్యాటరీ గడ్డకట్టి చచ్చింది. పిచ్చుక గట్టిగా ఊపిరి వదిలి, ఫ్లాస్కులోని ఎరుపు మూతలను తడిమి చూసుకుంది. అన్నీ ఉన్నాయి.

"ఇప్పుడు నువ్వు జైల్లో కూర్చుని వింటావు," అంది వెల్వెట్‌తో. "ఒక్కో కుక్క బతికినప్పుడల్లా మా అక్క పేరు వింటావు. నీకు చావు కంటే అదే ఎక్కువ మండుతుంది."

చేతి గడియారంలోంచి పెద్దాయన గొంతు కంగారుగా వినిపించింది. "అమ్మాయ్! దాన్ని ఏమీ చెయ్యలేదు కదా?"

పిచ్చుక అక్క కప్పు అందుకుని ఒక గుక్క తాగింది.

"మర్యాదే చేశాను సార్. కాఫీ ఇచ్చాను. ఆవిడే వద్దంది."