ఏబేలు అనని ఆమెన్

పొయ్యి మీంచి జొన్న సంగటి దిగితే మార్తమ్మ ఇంట్లో ముందు ప్రార్థన, ఆ తర్వాతే ముద్ద. ఆ పొద్దున కూడా ఆమె ముసుగు సవరించుకుని కళ్లు మూసుకుంది.

"ప్రభువా, నా కోడలికి ఈసారి మగబిడ్డను ఇయ్యి. పాపకు తోడు కావాల."

"ఆమెన్" అంది సంతోషమ్మ, ఒళ్లో పాపను జోకొడుతూ. పక్కనే కూర్చున్న ఆమె భర్త ఏబేలు మాత్రం అనలేదు. ఈ మధ్య ఎప్పుడూ అనడం లేదు.

పలకల గనికి బయలుదేరుతున్న అతనికి గడప దగ్గర సంతోషమ్మ అడ్డం నిలబడింది.

"ఏంది బావా, మీయమ్మ మనవణ్ణి అడిగినప్పుడల్లా నీ నోరు పడిపోతాది?"

"పనికి పొద్దుపోతా ఉంది."

"పాప పుట్టి ఏడాది దాటింది. నేను ఇంతవరకు బయట చేరలే. మీయమ్మ కడుపేమోనని మురుస్తా ఉంది. నాకు భయంగా ఉంది. మిషను ఆసుపత్రిలో నాకేం చేసినారు?"

ఏబేలు గడప మీదే కూర్చున్నాడు.

"కాన్పయినాక నెత్తురు ఆగలే. నీకు తెలివి లేదు. చెన్నపట్నం నించి వచ్చిన ఆ దొరసాని డాక్టరమ్మ కత్తి పట్టేముందు ప్రార్థన చేసింది. అందులోనే చెప్పింది, గర్భసంచి తీసేస్తున్నామని. ప్రార్థన ముగిసింది గదా అని నేనూ అమ్మా ఆమెన్ అన్నాము. మేము ఒప్పుకున్నామనుకుని లోపలికి పోయింది. తలుపులు మూసినాక గాని ఆ మాట నా బుర్రకెక్కలే. అమ్మకైతే ఇప్పటికీ తెలీదు."

సంతోషమ్మ చేయి పొట్ట మీదకు పోయింది.

"అప్పుడు తెలివి లేదు, సరే. ఈ ఏడాదంతా ఉంది గదా?"

"చెప్తే ఏమైపోతావోనని..."

"నన్ను బతికించినందుకు ఆయమ్మకు వందనాలు. కానీ నా కడుపు సంగతి నీకు తెలిసి, నాకు తెలియకపోయె. దినామూ నేను ఆమెన్ అంటా ఉంటే చూస్తా కూర్చున్నావే."

వెనక మార్తమ్మ చేతిలో తెడ్డు ఆగిపోయింది.

"నేనూ అన్నానా?" అందామె, చాలా మెల్లగా.



సందెవేళ మళ్లీ సంగటి దిగింది. మార్తమ్మ కళ్లు మూసుకుంది, ప్రభువా అంది, ఆగింది. కళ్లు తెరిచి కోడలి వైపు చూసింది.

"ఏమని అడగమంటావో నువ్వే చెప్పు, అమ్మా."

ఆ ఇంట్లో సంతోషమ్మను ఎవరైనా అలా అడగడం అదే మొదలు.

"ఏం అడగొద్దు అత్తా. కాసేపు నన్ను ఏడ్వనీండి. ఆనక తిందాం."

ఏబేలు పాపను తన ఒళ్లోకి తీసుకున్నాడు. సంగటి చల్లారిపోయింది. ముగ్గురిలో ఎవరూ ముద్ద ముట్టలేదు.