మా రక్తంలో రోగం లేదు

ఉదయం అయిదు గంటల రెండు నిమిషాలు.

అలారం ఇంకా మోగుతూనే ఉంది. దాన్ని ఆపాల్సిన మనిషి మంచం మీద ప్రాణం లేకుండా పడి ఉన్నాడు.

వయసు ముప్పై ఎనిమిది. బేకరీలో రొట్టెలు కాల్చే పని. ఒంటి మీద గాయం లేదు. నోట నురగ లేదు. భార్య లేచి లైటు వేసేసరికే అంతా అయిపోయింది.

ఎనిమిదింటికల్లా అతని అన్న పోలీస్ స్టేషన్‌లో కూర్చున్నాడు. గడియారాల షాపు యజమాని. ఇస్త్రీ చొక్కా. కళ్ళు పొడిగా ఉన్నాయి.

"మా మరదలే విషం పెట్టింది మేడమ్. రాసుకోండి."

ఇన్‌స్పెక్టర్ పెన్ను తీయలేదు. "మీరు చూశారా?"

"చూడాలా? అన్నం పెట్టేది ఆవిడే కదా."

"పదమూడేళ్ళుగా పెడుతోంది. మరి ఇవాళే ఎందుకు పోయాడు?"

"మా రక్తంలో రోగం లేదు మేడమ్! మా తాత తొంభై రెండేళ్ళు బతికాడు. రోగాలన్నీ ఆవిడ పుట్టింటి సొత్తు. తమ్ముడి కూతురికీ అవే వచ్చాయి. బడిలో రెండుసార్లు పడిపోయింది. నాటకాలు!"

తమ్ముడి శవం ఇంకా పోస్ట్‌మార్టమ్‌కి కూడా చేరలేదు. ఈయన మాత్రం వంశాల లెక్క తేల్చేశాడు.

తొమ్మిదిన్నర. తమ్ముడి ఇంట్లో మరదలు కుట్టుమిషను పక్కన నేల మీద కూర్చుని ఉంది. పన్నెండేళ్ళ కూతురు ఆమె ఒళ్ళో తల పెట్టుకుంది.

"బడిలో ఎప్పుడు పడిపోయావమ్మా?" అని అడిగింది ఇన్‌స్పెక్టర్.

"బెల్లు కొట్టినప్పుడు," అంది పిల్ల. "రెండుసార్లూ అప్పుడే. పెదనాన్న నన్ను దొంగమొహం అన్నాడు."

"ఈ అలారం ఎప్పటిది?"

"నిన్ననే తెచ్చుకున్నారండీ," అంది తల్లి. "ఇదివరకు నేనే తట్టి లేపేదాన్ని. ఈ వారం డ్యూటీ ఆరింటికి మార్చారు. నా నిద్ర పాడవుతోందని బావగారి షాపుకెళ్ళి, 'గట్టిగా మోగేది ఒకటివ్వు అన్నయ్యా' అని అడిగారట. మోగడం ఇదే మొదటిసారి."

సరిగ్గా పదకొండు గంటలకు ఇన్‌స్పెక్టర్ గడియారాల షాపులో నిలబడి ఉంది. గోడ మీద ఇరవై మూడు గడియారాలు. ముళ్ళన్నీ పదకొండు మీదికి వచ్చాయి.

ఒక్కటీ కొట్టలేదు.

"గంటలు పనిచేయవా?"

"చప్పుడంటే నాకు గిట్టదు," అన్నాడు యజమాని. కౌంటర్ మీద మడత పెట్టిన తువ్వాలు మీద అతని ఫోన్ మూగగా వణుకుతోంది.

రిపేరు బల్ల మీద ఒక గడియారం విప్పి ఉంది. గంట కొట్టే చిన్న సుత్తికి దూది చుట్టి, దారంతో కట్టి ఉంది. పక్కదానికీ అంతే.

"రిపేరయ్యాక మోగుతుందో లేదో చూడరా?"

"కస్టమరు ఇంటికెళ్ళి చూసుకుంటాడు."

మూడో రోజు డాక్టర్ రిపోర్ట్ ఇచ్చాడు. "విషం లేదు. గుండెలో అడ్డంకి లేదు. నా కత్తికి ఏమీ దొరకలేదు."

"కత్తికి దొరకని జబ్బు ఉంటుందా డాక్టర్?"

"ఉంటుంది. జన్యువులో చిన్న మార్పు. ఒక్క అక్షరం తారుమారైనా చాలు. ప్రతిసారీ కొట్టుకున్నాక గుండె మళ్ళీ సిద్ధం కావడానికి ఎక్కువసేపు తీసుకుంటుంది. నిద్రలో ఉండగా చెవి పక్కన గట్టిగా ఏదైనా మోగితే, లయ తప్పి ఆగిపోవచ్చు. బతికున్నవాళ్ళకైతే ఈసీజీలో చాలావరకు తెలుస్తుంది. తల్లికో తండ్రికో ఉంటే, పిల్లల్లో ఒక్కొక్కరికీ సగానికి సగం అవకాశం."

"ఆ పిల్లకి ఇప్పుడే ఈసీజీ తీయండి," అంది ఇన్‌స్పెక్టర్. లేచి, షాపు సోదాకి కానిస్టేబుల్‌ని పంపింది.

సాయంత్రం నాలుగు. స్టేషన్‌లో అన్న, మరదలు, డాక్టర్. ఇన్‌స్పెక్టర్ అలారం గడియారాన్ని బల్ల మీద పెట్టింది.

"ఇంకో నిమిషంలో మోగుతుంది."

అన్న కుర్చీ వెనక్కి తోసి లేచాడు. రెండు చెవులూ మూసుకున్నాడు. "ఆపండి! నన్ను చంపుతారా?"

నిమిషం గడిచింది. గడియారం మోగలేదు.

"సుత్తి ముందే తీయించాను," అంది ఇన్‌స్పెక్టర్. "కూర్చోండి. మీ షాపులో అందరూ ముళ్ళు చూసుకుని పోతారు. గంట కొట్టలేదని ఎవరికీ తట్టలేదు. గడియారాల వ్యాపారి సుత్తులకి దూది చుడితే, అది అలవాటు కాదు, ప్రాణభయం."

షాపు సొరుగులో దొరికిన కవరును కానిస్టేబుల్ బల్ల మీద పెట్టాడు. మూడేళ్ళ కిందటి జన్యు పరీక్ష రిపోర్ట్. పేరు అన్నదే. జబ్బు డాక్టర్ చెప్పినదే. దాని చివర అప్పటి డాక్టర్ చేతిరాత: తోబుట్టువులకూ, వారి పిల్లలకూ, రక్తసంబంధీకులందరికీ వెంటనే తెలియజేయాలి.

"ఎందుకు చెప్పలేదు?"

"ఎలా చెప్పను మేడమ్? వాళ్ళది రోగిష్టి వంశమని నలుగురిలో అన్నవాణ్ణి. నాకే ఉందని ఏ మొహం పెట్టుకుని..."

"అందుకని విషం కథ అల్లారు."

అతను తల దించుకున్నాడు. సిగ్గుతో కాదు. దొరికిపోయినందుకు.

మరదలు అతన్ని పైనుంచి కిందదాకా చూసింది. "మీ సుత్తులకి దూది చుట్టుకుని, ఆయన చేతికి గంట ఇచ్చారా బావగారూ? అడిగినప్పుడైనా నోరు పెగల్లేదా?"



"పిల్లకీ అదే ఉందమ్మా," అన్నాడు డాక్టర్ మెల్లగా. "మాత్రలు మొదలుపెట్టాం. ఒక్కరోజు కూడా మానకూడదు. బడివాళ్ళతో నేను మాట్లాడతాను. భయపడకు, మన చేతిలో ఉన్న జబ్బే."

ఆమె ఇంకో క్షణం ఆగలేదు. ఆసుపత్రికి వెళ్ళిపోయింది.

అన్న కూడా లేవబోయాడు. "నేను చంపలేదు కదా మేడమ్. ఏ కేసు పెడతారు?"

"తప్పుడు కంప్లయింట్ కేసు. మిగతాది కోర్టు చూసుకుంటుంది. అంతకన్నా ముందు ఓ పనుంది." ఇన్‌స్పెక్టర్ ఒక కాగితం అతని ముందుకు తోసింది. మేనత్తలు, బాబాయిలు, వాళ్ళ పిల్లలు. పదకొండు నంబర్లు. "రేపు వీళ్ళలో ఎవరి ఇంట్లో ఏం మోగుతుందో మనకి తెలీదు. ఫోన్ చేయండి."

అతను మొదటి నంబర్ నొక్కాడు. అవతల ఎవరో ఆడమనిషి "హలో" అంది.

"చెప్పండి," అంది ఇన్‌స్పెక్టర్. "మీ రక్తం గురించేగా. ఇన్నేళ్ళూ ఎవరూ అడక్కుండానే చెప్పారు."