రెండో తూటా

ఆయుధాగారం ఇన్‌చార్జిని స్నానాల గదిలో చంపారు. గొంతుకు తీగ బిగించి, కాలు జారి పడ్డట్టు బకెట్ పక్కన పడుకోబెట్టారు. అతని బెల్టుకున్న తాళాలకు మాత్రం మైనం అంటుకుని ఉంది.

"ఏం పోయింది సార్?" అని అడిగాడు డేగ.

"అదే చిక్కు. ఏమీ పోలేదు," అన్నాడు చీఫ్.

డేగ అన్నది గూఢచారి శాఖలో అతని మారుపేరు. అంతకు ముందు ఆ ఆయుధాగారం ఉన్న దళంలోనే జవాను. దాని చరిత్ర అతనికి చెప్పక్కర్లేదు, అయినా చీఫ్ చెప్పాడు. రేవు కూలీల సమ్మెను అణచడానికి పరాయి దొరలు పుట్టించిన దళం అది. సగం సైన్యం, సగం పోలీసు. పుట్టిన ఏడాదే రేవు గేటు ముందు జనాన్ని కాల్చింది. దొరలు పోయాక టోపీ మీద బిళ్ల మారింది గానీ మనుషులు మారలేదు. తర్వాత సరిహద్దు కాచింది, వరదల్లో పడవలు నడిపింది, ఎన్నికల పెట్టెలు మోసింది. రేవులో ఇప్పటికీ దాని పేరెత్తితే ఉమ్మేస్తారు.

ఆ మచ్చ కడగాలని పట్టుబట్టినవాడు కమాండెంట్. వార్షికోత్సవం నాడు ఆనాటి కాల్పులను గుండు లేని ఉత్త తూటాలతో మైదానంలో నటించి చూపాలి. చచ్చినవాళ్ల వారసులే జనంగా నిలబడాలి. చివర్లో దళం మోకాళ్లూని క్షమాపణ అడగాలి. ఆ కమాండెంట్ డేగకు పిల్లనిచ్చిన మామ.

ఉత్సవాన్ని ఫిల్మ్ తీయడానికి వచ్చిన విదేశీ యూనిట్ మీద చీఫ్‌కు అనుమానం. దాని డైరెక్టర్ చూపు తిప్పుకోనివ్వని అందగత్తె, ఇటు చీఫ్‌కూ అటు శత్రువులకూ పనిచేసే డబుల్ ఏజెంట్. కోడ్ నేమ్ ముత్యం. డేగ గడ్డం అంటించుకుని సౌండ్ రికార్డిస్టుగా అందులో చేరాడు. అతని మైక్ గొట్టంలో చప్పుడు చేయని పిస్తోలుంది.

ఉత్సవం మొదలయ్యాక ముత్యం అతన్ని మేకప్ వ్యాన్‌లోకి పిలిచింది.

"వాన పడేలా ఉంది," అన్నాడు డేగ.

"గొడుగు ఇంట్లోనే మరిచాను," అంది. కోడ్ సరిపోయింది. "తుపాకులు ముట్టుకోలేదు. తూటాలు మార్చారు. ప్రతి తుపాకీలో మొదటిది ఉత్తది. దాని కిందవన్నీ అసలువి. నా కెమెరామన్లే ఆ పని చేసిన ముఠా. దళం మళ్లీ జనాన్ని కాల్చడం లోకమంతా చూడాలి, దేశం తగలబడాలి."

డేగ నమ్మలేదు. ఇద్దరికీ పనిచేసేవాళ్ల మాటను నొప్పితో తూచి చూడడం అతనికి అలవాటు. ఆమె వేళ్లను వ్యాన్ తలుపు సందులో పెట్టి తలుపు లాగాడు. ఆమె అదే మాట చెప్పింది. మళ్లీ లాగాడు. ఎముకలు విరిగినా అదే మాట చెప్పింది.

"మొదటే నిజం చెప్పాను కదా," అంటూ ఏడ్చింది.

బయట మొదటి వరస కాల్పులు పేలాయి.

డేగ పరుగెత్తాడు. పొగ తేలిపోతోంది. ఎవరూ పడలేదు. చంకల్లో పిల్లలతో సహా జనం నవ్వుకుంటూ, నినాదాలిస్తూ, నాటకంలో ఉన్నట్టే ముందుకు కదిలారు. జవాన్లు బోల్టు లాగి మళ్లీ గురిపెట్టారు. వేదిక మీద కమాండెంట్ చెయ్యెత్తాడు. మధ్యలో ఇనుప కంచె. డేగ గొంతు చించుకుని అరిచాడు, నినాదాల్లో ఆ అరుపు కలిసిపోయింది. ఆర్డర్ లేనిదే ఈ దళం ట్రిగ్గర్ నొక్కదు, ఆర్డర్ పడ్డాక ఆగదు. శిక్షణలో అతనికి ఆ పాఠం నేర్పింది మామే.

గ్యాలరీలో అతని భార్య తండ్రినే చూస్తూ చప్పట్లు కొడుతోంది.

డేగ మైక్ ఎత్తి మామ గొంతుకు గురిపెట్టి కాల్చాడు.

కమాండెంట్ నోరు తెరిచాడు గానీ మాట రాలేదు. నిలబడ్డచోటే కుప్పకూలాడు. జవాన్లు ఆర్డర్ కోసం చూస్తూ గురి దించకుండా అలాగే నిలబడ్డారు. ఆ చావూ నటనే అనుకుని రేవు జనం ఈలలు వేశారు.

సాయంత్రానికి కెమెరామన్లు దొరికారు. ముత్యాన్ని ఆసుపత్రిలో చేర్చారు. కమాండెంట్‌ను విదేశీ హంతకుడెవడో కాల్చి పారిపోయాడని ప్రభుత్వం ప్రకటించింది. అంత్యక్రియలు కాగానే డేగ భార్య చీఫ్ ఆఫీసుకు వెళ్లింది.

"ఈ కేసు మా ఆయనకే ఇవ్వండి," అంది. "వాడు దొరికితే కోర్టు దాకా తేవద్దని చెప్పండి."

చీఫ్ కాదనలేకపోయాడు. డేగను పిలిచి కేసు అప్పజెప్పాడు.

"తొందరేం లేదు," అన్నాడు.