నోరు తిరగని పేరు

పొద్దున్నే ఆ ఇంట్లో కుక్కర్ కంటే ముందు కూత పెట్టేది తల్లి గొంతే.

"నీ పేరేంటి? మొత్తం చెప్పాలి," అంది పాపకు జడ వేస్తూ.

మూడున్నరేళ్ళ పాప పెదవులు బిగించుకుంది.

"స్కూల్లో అడిగితే ఇలాగే నిలబడతావా? ఊఁ, చెప్పు!"

పాప కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. గరిట పట్టుకుని గుమ్మంలోకొచ్చిన నానమ్మ ఏదో అనబోయి మింగేశారు.

పాప తల్లి బస్టాండులో మైకు ముందు ఉద్యోగం చేస్తుంది. ఏ బస్సు ఎప్పుడు కదులుతుందో ఊరంతా ఆమె నోటే వింటుంది. ఎవరైనా ఒక్క మాట తప్పు పలికితే ఆమెకు పంటికింద రాయి పడ్డట్టే. చిన్నప్పుడు తరగతిలో ఆమె పేరుతోనే నలుగురుండేవారు. టీచరు ఆమెను 'మూడోదానా' అని పిలిచేది. ఆ కసితో కూతురికి ఎక్కడా లేని పేరు వెతికి మరీ పెట్టింది. అందులో అన్నీ ఒత్తులే. పైగా ముద్దుపేర్లు వద్దని, పేరు కుదించి పిలవొద్దని ఇంట్లో శాసనం చేసింది.

బారసాల రోజు నానమ్మ ఆ పేరు పలకబోయి తడబడితే, చుట్టాలందరి ముందూ కోడలు పకపకా నవ్వింది. "అలా కాదత్తయ్యా" అంటూ ముక్కలు చేసి మరీ నేర్పింది. ఆ తర్వాత ఆవిడ ఆ పేరెత్తితే ఒట్టు.

ఆ సాయంత్రం, కోడలు డ్యూటీ దిగే వేళకి, పాపకు బూట్లు కొందామని నానమ్మ దాన్ని తీసుకుని బస్టాండుకు బయల్దేరారు. మైకు గది తలుపు తోసుకుని వచ్చింది మాత్రం ఆవిడొక్కరే. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అమ్మాయ్, పాప కనబడట్లేదే! దానికి నీళ్ళు తాగించి సీసా మూత పెట్టి తలెత్తేలోపల చెయ్యి వదిలించుకుంది!"

కోడలు కుర్చీలోంచి దిగ్గున లేచింది. అద్దం అవతల బస్సులు వెనక్కీ ముందుకీ కదులుతున్నాయి. పిల్ల ఏ బస్సెక్కేసిందో, ఏ చక్రం వెనక నిలబడిందో!

మైకు నొక్కి బస్సులన్నీ ఆపమంది. పాప పేరు పిలిచింది. గొంతు వణుకుతున్నా ఒక్క ఒత్తూ తప్పిపోలేదు. మళ్ళీ మళ్ళీ పిలిచింది. బయట కండక్టర్లు తలా ఒక రకంగా ఆ పేరు అరుస్తూ సీట్ల కింద వెతుకుతున్నారు. పాప జాడ లేదు.

"మీరు పేరు పెట్టి పిలిచారా అసలు?" అత్తగారి మీద విరుచుకుపడింది.

"లేదమ్మా."

"పిల్ల తప్పిపోయినా ఆ పేరు మీ నోట రాదా? అంత కోపమా నా మీద?"

"కోపం కాదే తల్లీ, భయం! తప్పు పలికితే నవ్వుతావని భయం. ముద్దుపేరు వద్దంటివి. అసలు పేరుకి నా నోరు తిరగదు. ఏం చెయ్యను? నువ్వు లేనప్పుడు చప్పట్లు కొట్టి పిలుచుకుంటున్నా."

 కోడలు మెల్లగా మైకును అత్తగారి ముందుకు జరిపింది.

ఆవిడ చప్పట్లు కొట్టారు. రెండు గబగబా, కాస్త ఆగి ఒకటి. ఆ చప్పుడుకు బస్టాండంతా నిశ్శబ్దమైపోయింది. ఇద్దరూ చెవులు రిక్కించారు. ఏమీ లేదు. ఆవిడ మళ్ళీ కొట్టారు.

పక్కనున్న పార్సిలు గదిలోంచి, మూటల వెనక నుంచి, చిన్న చప్పట్లు వినిపించాయి. రెండు గబగబా, కాస్త ఆగి ఒకటి.

ఒళ్ళంతా దుమ్ముతో మైకు గదిలోకి పరుగెత్తుకొచ్చి పాప నానమ్మ కాళ్ళు చుట్టేసింది. తల్లి కింద కూలబడి దాని మొహం తడిమింది.

"అమ్మ పిలిస్తే వినపడలేదా బంగారం?"

"వినపడింది. పేరు చెప్పమంటావని దాక్కున్నా."

తల్లి భోరుమంది. ఎవరికీ లేని పేరు పెట్టి, ఆ పేరు వింటేనే బిడ్డ భయపడి దాక్కునేలా చేశానే అని గుండె తరుక్కుపోయింది.

"అత్తయ్యా, మీకెలా వస్తే అలా పిలవండి. నేను నవ్వను."

నానమ్మ కళ్ళు తుడుచుకుని, గొంతు సవరించుకుని, ఆ పేరు పలికారు. మధ్యలో రెండు ఒత్తులు ఎగిరిపోయాయి. చివరి అక్షరం గొంతులోనే ఉండిపోయింది.

"ఆఁ!" అంది పాప నవ్వుతూ.

మైకు ఆపలేదన్న సంగతి తల్లికి అప్పుడు గుర్తొచ్చింది. ఊరంతా ఆ తప్పు పేరే విన్నది. ఆమె సరిదిద్దలేదు.